కొర్రమీను గుక్కెడు గాలి

ఒకప్పుడు కొర్రమీను కూడా అన్ని చేపల్లాగే నీళ్ళలోనే ఊపిరి తీసుకునేది. పైన గాలి అనేది ఒకటుందన్న ధ్యాసే దానికి ఉండేది కాదు. అది కాపురమున్న వాగు అంత తేటగా ఉండేది మరి.

వాగుకు రెండు పక్కలా అడవి. అక్కడికి గురవన్న అనే రైతు కొత్తగా వచ్చాడు. చెట్లు కొట్టేసి, నీటి అంచు దాకా దున్ని, జొన్న వేశాడు. పంట ఏపుగా రావాలని బండ్లకొద్దీ పేడ ఎరువు తోలాడు.

అంతలో పెద్ద వాన. చేలోని ఎరువంతా కొట్టుకొచ్చి వాగులో పడింది.

"ఏం వానమ్మా, ఇదంతా తెచ్చి మామీద పోస్తున్నావేం?" అనడిగింది కొర్రమీను.

"నేనేం చేసేది తల్లీ! ఇదివరకు చెట్లు నన్ను వేళ్ళతో పట్టుకుని, వడగట్టి, మెల్లగా పంపేవి. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. దొరికిందల్లా ఈడ్చుకొస్తున్నాను" అంది వాన.

ఆ ఎరువు తిని నాచు బలిసింది. వాగంతా కప్పేసింది. ఎండ తగలక కింది నాచు కుళ్ళింది. ఆ కుళ్ళు నీళ్ళలోని ఊపిరినంతా లాగేసుకుంది.

"అక్కా, ఊపిరాడటం లేదు. పెద్ద ఏటికి పోదాం, పద" అన్నాయి పరిగె చేపలు.

"నా పిల్లలు ఇంకా ఆవగింజంత. అంత దూరం ఈదలేవు. మీరు పొండమ్మా" అంది కొర్రమీను.

పరిగెలు పోయాయి. బొచ్చెలు పోయాయి. రొయ్యలూ పోయాయి. పిలిస్తే పలికే దిక్కు లేదు.

ఒక తెల్లవారుజామున పిల్లలు తేలిపోసాగాయి. కొర్రమీను వాటి చుట్టూ పిచ్చిదానిలా తిరిగింది.

"నా దగ్గర ఊపిరుంది" అంది పైనుంచి గాలి. "కానీ నేను నీళ్ళలోకి దిగలేను. నువ్వే పైకి రావాలి."

"పైన కొంగ ఉంటుందిగా?"

"ఉంటుంది" అంది గాలి. అబద్ధం చెప్పలేదు.

కొర్రమీను కళ్ళు మూసుకుని మూతి పైకెత్తింది. గాలి గొంతులో ముల్లులా గుచ్చుకుంది. అయినా ఓ గుక్క మింగింది. ప్రాణం కుదుటపడింది. తల్లిని చూసి పిల్లలూ బుల్లి మూతులెత్తాయి.

నీళ్ళకొచ్చిన గురవన్న కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఇదేంటమ్మా, చేపవై ఉండి గాలి మింగుతున్నావు?"

"నీ చేను మా వాగులోకి వచ్చిందయ్యా" అంది కొర్రమీను.

గురవన్న ఒడ్డు వైపు చూశాడు. నల్లటి నీరు ధారలు కట్టి దిగుతోంది. మర్నాడే ఒడ్డు పొడవునా దున్నడం మానేసి, గడ్డీ మొక్కలూ నాటాడు.

ఏళ్ళు గడిచాయి. మొక్కలు చెట్లయ్యాయి, నీళ్ళు తేరుకున్నాయి. పోయిన చేపలు మాత్రం తిరిగి రాలేదు. పెద్ద ఏట్లోనే పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లలకి ఈ వాగు దారే తెలియదు. కొర్రమీను పిల్లలూ పెద్దవై, తలో మడుగూ వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి.

అయినా కొర్రమీను ఆ గాలిని మరవలేకపోయింది. ఎవరూ లేనప్పుడు తనతో మాట్లాడింది అదొక్కటే కదా.

అప్పటినుంచే, నీళ్ళెంత తేటగా ఉన్నా సరే, కొర్రమీను పైకొచ్చి, ఒక్క గుక్క గాలి మింగి, మళ్ళీ ఒంటరిగా అడుక్కి దిగిపోతుంది.