గుడ్డివైపు కాపలా

ఇప్పలోయలో నలభై అడవిదున్నల మంద ఒకటి ఉండేది. ఎండాకాలం వస్తే లోయ మొత్తానికి ఒకటే మడుగు మిగిలేది, దాని చుట్టూ రేచుకుక్కలు తిరిగేవి. ఒక్క రేచుకుక్కని దున్న లెక్కే చెయ్యదు. కానీ అది ఒక్కటే రాదు కదా, ఇరవై కలిసి వస్తాయి. అందుకే దున్నలు దూడల్ని మధ్యలోకి తోసి, కొమ్ములు బయటికి పెట్టి చుట్టూ నిలబడేవి. ఆ కట్టులో ఒక చోటుని గుడ్డివైపు అనేవాళ్లు. గాలి మంద మీదుగా ఎటు పోతుందో అటు నుంచి వచ్చేదాని వాసన దున్నకి తగలదు. రేచుకుక్కలకి ఈ సంగతి బాగా తెలుసు, ఎప్పుడూ అటు నుంచే వస్తాయి. ఆ చోట నాయకుడే నిలబడాలి. మడుగు దగ్గర కూడా అంతే, మందంతా తాగేదాకా నాయకుడు నీళ్లకి వీపు పెట్టి అడవికేసి చూస్తూ ఉండాలి. అతని వంతు ఆఖరు. అప్పటికి మిగిలేది బురదే అనుకోండి, అయినా తాగాలి.

చిత్తయ్య అనే ముసలి నాయకుడు పన్నెండేళ్లు ఆ బురదే తాగాడు. ఒంటి మీద కాటు పడని చోటు లేదు. ఆ కాట్లలో ఒకటి పుండై, చీము పట్టి, ఆఖరికి ప్రాణం తీసింది. మంద మూడు రోజులు మేత ముట్టలేదు.

తర్వాత జగ్గరాజుని నాయకుణ్ణి చేశారు. అంత పెద్ద కొమ్ములు మందలో ఇంకెవరికీ లేవు. ఒళ్లు నిగనిగలాడేది, ఒక్క గీత కూడా కనిపించేది కాదు. ఇన్నేళ్లు వచ్చినా గీత ఎందుకు పడలేదయ్యా అని ఎవరైనా అడగాల్సింది. అడగలేదు.

జగ్గరాజు చెడ్డవాడు కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అతని బాధల్లా ఒకటే. చిత్తయ్య నడిచి వస్తుంటే ఎవరూ చెప్పకుండానే మంద పక్కకి తప్పుకునేది. తను వస్తే మాత్రం బుస కొడితేగాని కదిలేవాళ్లు కాదు. చిత్తయ్య ఒక్కసారైనా గొంతు పెంచగా చూసినవాళ్లు లేరు. తను పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచినా మంద వింటున్నట్టే ఉండి ఎటో చూసేది. దీంతో అతనికి నిద్ర కూడా పట్టడం మానేసింది.

ఈ సంగతి పానకాలు పసిగట్టాడు. పానకాలంటే రేచుకుక్కల ఎంగిలి తిని బతికే నక్క. ఒకరోజు జగ్గరాజు ఒంటరిగా మేస్తుంటే వచ్చి, దూరంగా, మహా వినయంగా కూర్చున్నాడు. చిత్తయ్య గురించి రెండు కన్నీటి చుక్కలు కార్చాడు. అంతటి మహానుభావుడు మామూలు కాపలావాడిలా ముందు నిలబడి చచ్చిపోవడం తనకి మింగుడు పడలేదన్నాడు.

"తల ఎక్కడుండాలి దొరా? మధ్యలో ఉండాలి, పదిమంది కాయాలి. ముందు పెట్టుకుంటే పగలదూ? నీళ్లయినా అంతే. ముందు దొర తాగాలి. మీ ఎంగిలి వాళ్లు తాగాలిగానీ, వాళ్ల ఎంగిలి మీరు తాగితే ఇంక మిమ్మల్ని లెక్కచేసేదెవరు?"

జగ్గరాజు మనసులో ఎప్పటినుంచో నలుగుతున్న మాటే అది. ఇంకొకరి నోటినుంచి వచ్చేసరికి నిజమైపోయింది.

మర్నాడే కొత్త పద్ధతి చెప్పాడు. ఇకమీదట తను కట్టు మధ్యలో నిలబడి హుకుంలిస్తాడు. మడుగులో మొదట తనే తాగుతాడు. మంద గుసగుసలాడింది. బూడిదమ్మ అనే ముసలి గేదె ముందుకొచ్చింది. ఆమె జగ్గరాజుకి పిన్ని, తల్లి పోతే తన పాలిచ్చి పెంచింది.

"జగ్గా, నువ్వు మధ్యలో ఉంటే మా వెనకాల ఉన్నట్టా, మా చాటున ఉన్నట్టా?"

నలుగురిలో ఆ మాట అనేసరికి జగ్గరాజుకి తల కొట్టేసినట్టయింది. అంత ధైర్యం ఉంటే గుడ్డివైపు నువ్వే నిలబడు పిన్నీ, అన్నాడు. అంటూనే నాలుక కరుచుకున్నాడు, కానీ నాయకుడై ఉండి అన్న మాట వెనక్కి తీసుకుంటే చులకనైపోతానని ఊరుకున్నాడు. బూడిదమ్మ సరేనంది.

నాలుగు రోజులకి, మిట్టమధ్యాహ్నం రేచుకుక్కలు వచ్చాయి. మంద కట్టు కట్టింది. జగ్గరాజు దూడల మధ్య నిలబడ్డాడు. అక్కడినుంచి అతనికి కనిపించింది వీపులు, తోకలు, దుమ్ము. తూర్పున ఏదో అలికిడైతే అందరూ తూర్పుకి తిరగండని అరిచాడు. సగంమంది తిరిగారు, సగంమంది తిరగలేదు. గుడ్డివైపు రెండు బారల సందు పడింది. ఆ సందులో బూడిదమ్మ ఒక్కతే నిలబడింది.

ఆమె మూడింటిని కుమ్మింది. నాలుగోది ముక్కు పట్టుకుంది, మిగతావి కడుపు మీద పడ్డాయి. రెండు దూడల్ని లాక్కుపోయాయి. ఇంకెన్ని పోయేవో గానీ, అప్పన్న అనే మోటు దున్న ఎవరూ చెప్పకుండా తన చోటు వదిలి ఆ సందులోకి వచ్చి అడ్డం నిలబడ్డాడు. అతన్ని చూసి పక్కవాడు జరిగాడు, కట్టు మూసుకుంది. జగ్గరాజు అరుస్తూనే ఉన్నాడు. ఒక్క తల కూడా వెనక్కి తిరగలేదు.

దుమ్ము తగ్గాక అందరి ఒళ్లూ నెత్తురే. బూడిదమ్మ మళ్లీ లేవలేదు. జగ్గరాజు ఒళ్లు మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. పిన్ని దగ్గరికి పోవాలని అతని ప్రాణం కొట్టుకుంది. మంద అతన్ని అడ్డగించలేదు, దారీ ఇవ్వలేదు. అతను అక్కడే నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గరికి నడిచాడు. ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయింది. మామూలుగానే ముందు దిగి తాగాడు. నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. తల ఎత్తి చూస్తే వెనక ఎవరూ లేరు.

మందంతా పై గట్టు మీద ఆగిపోయి ఉంది. ముందు అప్పన్న, అతని వెనక మిగతావాళ్లు. జగ్గరాజు దిగి రమ్మన్నాడు. ఎవరూ తిట్టలేదు, ఎదురు చెప్పలేదు, కదలనూ లేదు. అప్పుడు అవతలి బండ మీద పానకాలు కనిపించాడు. ఈసారి వినయం లేదు.

"ముందు తాగేవాడి వీపు అడవికేసే ఉంటుంది దొరా. చిత్తయ్య బతికున్నన్నాళ్లూ మాకు ఆ వీపు దొరకలేదు."

వెనక పొదలు కదిలాయి. జగ్గరాజు తిరిగేలోపే కాళ్లు బురదలో దిగబడ్డాయి. ఎంత పెద్ద కొమ్ములైనా వెనక నుంచి వచ్చేదాన్ని ఏం చేస్తాయి? మొదట హుకుం ఇచ్చినట్టు అరిచాడు. తర్వాత దూడ తల్లిని పిలిచినట్టు పిలిచాడు. ఆ పిలుపుకి పలికేది మందలో ఒక్కతే, ఆమె నిన్ననే పోయింది. అప్పన్న కాలు ఒకటి ముందుకి పడింది. వెనక్కి తిరిగి మంద ముఖాలు చూశాడు, కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఎండెక్కేసరికి అంతా అయిపోయింది. కడుపులు నిండిన రేచుకుక్కలు వెళ్లిపోయాయి, పానకాలు ఎముకల దగ్గర కూర్చున్నాడు. మంద మెల్లగా గట్టు దిగి, కాస్త ఎడంగా నీళ్లు తేరుకున్న చోట ఒకరి తర్వాత ఒకరు తాగారు. అప్పన్న అడవికేసి చూస్తూ నిలబడ్డాడు. అందరూ అయ్యాక ఆఖరున అతనూ తాగాడు. అప్పటికి మిగిలింది బురదే.

నీతి: దెబ్బకి ముందు, నీళ్లకి వెనక నిలబడేవాడి మాటే సైన్యం వింటుంది.