ఉస్తాద్ శాలువా

రోగి గుమ్మం దాటేలోపే రోగమేదో చెప్పేసే అలవాటు నాది. నాడి చూడ్డం, నాలుక చూడ్డం పెట్టుకుంటే పాపం వాళ్ళకు పొద్దు పోతుంది. నా తొందరంతా దయే.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాల బండి మీద యునానీ వైద్యం పుస్తకమొకటి దొరికితే సగం చదివాను. మిగతా సగం చెదలు తిన్నాయి. అది సొంత బుర్రతో పూరించుకున్నాను. అంత చదువుతో ఆదోనిలో హకీం మౌలాలి సాబ్ దగ్గర శిష్యుడిగా చేరి, ఆయనకు ఆసరాగా ఉంటున్నాననుకునేవాణ్ణి.

ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి. ఉస్తాద్‌లో నాకు నచ్చనిది ఒకటే. వయసు మళ్ళిన మగవాడు ఏ నొప్పితో వచ్చినా సరే, "పెరట్లో ఒంటికి పోయిరా నాయనా" అని లేపేవాడు. వెనకాలే చెంబుతో నీళ్ళు తానే మోసుకెళ్ళి, చాటుకు నిలబెట్టిన నాపబండలకు ఇవతల ఆగేవాడు. అంత పెద్దమనిషి చెంబు పట్టుకుని అక్కడ నిలబడితే నాకు తల కొట్టేసినట్టుండేది.

"నేను మోస్తాను కదా ఉస్తాద్."

"మోస్తావులే సుంకన్నా. వినొద్దూ?"

ఏం వినాలో అడగలేదు. అడిగితే నాకు తెలియదని ఆయనకు తెలిసిపోతుంది.

ఒక ఏడు రంజాన్ అయ్యాక ఉస్తాద్ దర్గాలు చూసొస్తానని వెళ్ళి, నెల దాటాక తిరిగొచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు. వచ్చినప్పట్నుంచీ ఒంటి చుట్టూ మందపాటి శాలువా. ఎండాకాలంలోనూ తియ్యలేదు. చలికాలం వస్తే ఇంకో విడ్డూరం. అందరం వణుకుతుంటే ఆయన మొహం ఉన్నట్టుండి ఎర్రబడి, చెమటలు కారి, విసనకర్ర అందుకునేవాడు.

కారణం నేనే కనిపెట్టాను. ఆ శాలువా దర్గాలో ఎవరో వలీ, అంత మహాత్ముడు, కప్పిందనీ, ఆ చెమటలు లోపలి జపం వేడికనీ బెంచీ మీది రోగులకు చెప్పేవాణ్ణి. కొందరు శాలువా అంచు కళ్ళకద్దుకునేవాళ్ళు. ఉస్తాద్ ఏమీ అనేవాడు కాదు.

ఆ చలికాలంలోనే గిడ్డయ్య వచ్చాడు. పేరే గిడ్డ, మనిషి వాకిలంత. తాలింఖానాలో కుర్రాళ్ళకు కుస్తీ నేర్పే వస్తాదు. ఉస్తాద్ అన్నా వస్తాదు అన్నా మాట ఒకటే, మా నోళ్ళలో పడి రెండయింది.

నడుం నొప్పి అన్నాడు.

"కుస్తీ దెబ్బ" అన్నాను, అతను కూర్చోకముందే. నూనె సీసా కూడా తీశాను.

ఉస్తాద్ చెంబు తీసుకున్నాడు.

ఇద్దరూ చాలాసేపటికి వచ్చారు. "ధార తెగి తెగి పడుతోంది వస్తాదూ. ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు ఉస్తాద్.

గిడ్డయ్య గోడకేసి చూశాడు. "చానాళ్ళే సాబ్. నడుం నొప్పంటే పదిమందికి చెప్పుకోవచ్చు. అది యాడ చెప్పుకుంటాం?"

"ఇది నా మందుకు లొంగేట్టు లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి పో. రక్తం చూస్తారు. ముక్క తీసి చూస్తారు. భయపడకు."

నేను నూనె సీసాకు మూత పెట్టాను.

కొన్నాళ్ళకు తిరిగొచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరంట సాబ్. ఎముకల్లోకి పాకిందంట, నడుం నొప్పి దానిదేనంట. మగ హార్మోను దానికి మేతంట. ఆ మేత ఆపల్లంటే బీజాలు తీసేస్తారంట. లేకుంటే బతికినన్నాళ్ళు సూదులంట."

"ఆపితే?"

"ఇంకొన్నేండ్లు గడుస్తాయన్నారు. కండ కరుగుతాదంట. రొమ్ములు కూడా రావచ్చంట." గొంతు తగ్గించాడు. "లంగోటీ కట్టుకోని పిల్లోళ్ళ ముందర ఎట్ల నిలబడేది? మీ దగ్గర లేహ్యమేదన్నా ఉంటే ఇయ్యండి. లేకుంటే ఇట్లే పోతా, వస్తాదుగానే పోతా."

ఇలాంటి అవకాశం నేను వదలను. హార్మోనంటే ఏమిటో, దాన్ని ఆపితే రోగం ఎలా ముడుచుకుంటుందో చేతులు తిప్పుతూ చెప్పాను. ప్రాణం కంటే కండలెక్కువా అని కూడా అన్నాను.

గిడ్డయ్య చివరిదాకా విన్నాడు. "బాగ చెప్తివన్నా. పొయ్యేవి నీవి కాదు గదా."

ఉస్తాద్ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. శాలువా తీసి కుర్చీ మీద వేశాడు. కుర్తా గుండీలు విప్పాడు.

పాలు మాన్పించిన తల్లికి ఉన్నట్టు, రెండు రొమ్ములు జారి ఉన్నాయి.

బయట బెంచీ మీద ఎవరో దగ్గారు.

గిడ్డయ్య చాలాసేపు చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి, ఎందరో మల్లుల మెడలు వంచిన ఆ వేళ్ళతో ఉస్తాద్ గుండీలు ఒక్కొక్కటే పెట్టసాగాడు. చిన్న గుండీలు, లావు వేళ్ళు. ఒకటి తప్పు కాజాలో పడితే విప్పి మళ్ళీ పెట్టాడు. శాలువా తెచ్చి భుజాల మీద కప్పాడు.

"మీకెప్పుడు చేసినారు సాబ్?"

"దర్గాలకు పోయినప్పుడు."

గిడ్డయ్య తలూపాడు. "కర్నూలు బస్సు ఎప్పుడుంది?"

ఉస్తాద్ తన విసనకర్ర తీసి అతని చేతిలో పెట్టాడు. "ఉన్నట్టుండి చెమటలు పోస్తాయి వస్తాదూ. దగ్గరుంచుకో."

నేను శాలువా కేసి చూశాను. దాని అంచు కళ్ళకద్దుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ వచ్చే వానల్లో ఉస్తాద్ పోయాడు. జనాజాకు భుజం పట్టినవాళ్ళలో గిడ్డయ్య ఉన్నాడు. కండలు కరిగాయి. వదులు చొక్కా వేసుకుని, విసనకర్ర నడుముకు దోపుకున్నాడు. తాలింఖానాకు మానకుండా వెళ్తున్నాడట. గట్టు మీద కూర్చుని పట్లు చెబుతాడట. పిల్లలు వస్తాదూ అనే పిలుస్తున్నారట.

ఇప్పుడు దవాఖానాలో చెంబు నేనే మోస్తున్నాను. బండలకు ఇవతల నిలబడి వింటాను. ధార ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ తెగిందో పోల్చుకుంటాను. వచ్చినవాళ్ళను వచ్చినట్టు కర్నూలు పంపుతున్నాను.

ఈ మధ్య బండలకు అవతల నేనే చాలాసేపు కూర్చుంటున్నాను. ఇవతల వినేవాళ్ళు లేరు గనక, నీళ్ళు తక్కువ తాగడం వల్లేనని తేల్చేశాను.

కర్నూలు బస్సు రోజూ మా గుమ్మం ముందే ఆగుతుంది. ఎక్కడం నాకింకా రాలేదు.