వాటంతటవే పడ్డ చారలు

నల్లగుట్ట మీద పులి చచ్చి రెండేళ్లయింది. అది ఉన్న గుహ ఖాళీగా పడి ఉంది. చలికాలంలో ఉత్తరపు గాలి తగలని చోటు ఆ గుట్ట మొత్తానికి అదొక్కటే. కానీ అందులోకి ఎవరు తల పెట్టినా రేచుకుక్కల గుంపు వచ్చి తరిమేది. ఆ కుక్కలు గుహలో ఉండేవా అంటే, అదీ లేదు. తమకు అక్కర్లేకపోయినా ఇంకొకరికి దక్కకూడదు, అంతే.

గుట్ట కింద గొర్రెల మందలో పోశవ్వ అని ఒక తెల్లగొర్రె ఉండేది. ఉన్ని పనిలో దానికి సాటి లేదు. దారం వడికి, కొంత మేర మోదుగపూల పసుపులో, కొంత మేర కరక్కాయ నలుపులో, మళ్లీ పసుపులో, మళ్లీ నలుపులో ముంచి ఆరేసేది. రెండు ముళ్లపంది ముళ్లు పట్టుకుని ఆ ఒక్క దారంతోనే గుండ్రంగా అల్లుకుంటూ పోతే, దారం మార్చకుండానే పసుపు చార పక్కన నల్ల చార వచ్చి కూర్చునేది. చూసేవాళ్లకు అది మాయ. చేసేదానికి మాత్రం లెక్క. ఎవరి నడుం ఎంత, ఒక చుట్టుకు దారం ఎంత పడుతుంది, రెండు చుట్లకు ఎంత. రంగులో ముంచకముందే ఆ లెక్క తేలాలి.

ఆ మందలో ముసలిది ఎల్లవ్వ. దగ్గుతో బాధపడుతుంటే పోశవ్వ దానికి మెడపట్టీ అల్లిచ్చింది. ఆ పట్టీ సింగయ్య కంటపడింది. సింగయ్య నక్క. పేరులో సింగం ఉందని తనలో కూడా ఉందనుకునే రకం.

"ఏం పనితనం వదినా," అన్నాడు కళ్లింత చేసుకుని. "ఈ చారలు ఇంత తీరుగా ఎట్లా పెట్టావు?"

పోశవ్వ తల వంచుకుంది. "నాదేముంది బావా. చారలు వాటంతటవే పడతాయి."

ఆ మందలో ఆడవాళ్లందరికీ ఉన్న జబ్బే అది. పాలు చిక్కగా ఉన్నాయంటే గడ్డి మంచిదనేవాళ్లు. పిల్ల బొద్దుగా ఉందంటే వానలు బాగా పడ్డాయనేవాళ్లు. పొగడ్త వచ్చి ఒంటి మీద వాలితే ఈగను తోలినట్టు తోలేసేవాళ్లు. సింగయ్య ఆ మాట విన్నాడు, నవ్వాడు, మనసులో దాచుకున్నాడు.

తర్వాత అసలు సంగతికొచ్చాడు. తనకు పులిచారల చొక్కా ఒకటి అల్లిపెడితే, అది తొడుక్కుని కుక్కల్ని బెదిరిస్తాడట, గుహ చేజిక్కించుకుంటాడట. ఈ చలికాలమంతా మంద లోపలి మూల వెచ్చగా పడుకోవచ్చట. పోశవ్వ ఎల్లవ్వ వైపు చూసింది. ముసలిది దగ్గి దగ్గి, చలి ఎట్లాగూ వదిలేది కాదు, వీడి మాటా చూద్దామంది.

గొర్రెలు ఒకదానికొకటి పలుగురాళ్లతో ఒళ్లు గొరిగి ఉన్ని అంతా ఇచ్చేశాయి. పోశవ్వ దారం ముక్కతో నక్క నడుం చుట్టూ కొలిచి, పళ్లతో గుర్తు పెట్టుకుని, ఒక్కో రంగుకు సరిగ్గా రెండు చుట్ల దారం లెక్కేసి అద్దింది. అల్లింది. తొడిగింది. వాడు గుట్టెక్కి నిలబడితే రేచుకుక్కలు తోకలు ముడుచుకుని మన్నించండి దొరా అన్నాయి.

మర్నాడు బోడి ఒళ్లతో గొర్రెలు గుహ దగ్గరికి వెళ్లాయి. సింగయ్య గడపలో అడ్డంగా పడుకుని ఉన్నాడు.

"ఎవరే మీరు?" అన్నాడు. వదినా అన్న పిలుపు చారలతోనే పోయింది.

మాట ఇచ్చావు కదా బావా అని పోశవ్వ గుర్తు చేసింది.

"దొరా అను. మాట పనికి ఇచ్చాను. నువ్వు చేసిన పనేంటి? రెండు ముళ్లు పైకీ కిందికీ ఆడించావు. చారలు వాటంతటవే పడ్డాయని చెప్పింది నువ్వు కాదూ?"

వాడి వెనక కుక్కలు నవ్వాయి. చెప్పాల్సిన మాట పోశవ్వ ఎప్పుడో తప్పుడు చోట ఖర్చు చేసేసింది. మందను మళ్లించుకుని గుట్ట దిగింది.

పుష్యమాసం గాలికి ఎల్లవ్వ చచ్చిపోయింది. మెడ చుట్టూ పట్టీ ఉంది, మిగతా ఒళ్లంతా బోడిగా ఉంది.

ఏడాది తిరిగింది. దొరతనం రుచి మరిగిన సింగయ్యకు నక్కంత పులిగా ఉండటం చిన్నతనమనిపించింది. అసలు పులంత కావాలి. ఇప్పటిదానికి నాలుగింతల చొక్కా, లోపల ఎండుగడ్డి దట్టింపు. కొత్తగా పెరిగిన ఉన్ని అంతా తెమ్మని మందకు హుకుం పంపాడు. దారం మాత్రం పోశవ్వ వడికి అద్దాలి. అల్లడానికి గూళ్లల్లే పిట్ట గిజిగాడున్నాడు, వాడైతే నోరెత్తడు.

పోశవ్వ వెళ్లి నిలబడింది. ఒక్కసారి అడుగుదామనుకుంది, అడిగింది.

"కొత్త కొలత తీసుకోమంటారా దొరా?"

"కొలతెందుకే? పోయినేడు ఏ రంగు ఎంత దూరం అద్దావో ఇప్పుడూ అంతే. వెంట్రుకవాసి మారిందా, తోలు తీస్తాను. చారలు వాటంతటవే పడతాయి."

"అవును దొరా," అంది పోశవ్వ. "నాదేముంది."

వెంట్రుకవాసి మార్చలేదు. నక్క నడుముకు రెండు చుట్లు వచ్చే రంగు, దానికి నాలుగింతల నడుముకు అర చుట్టే వస్తుంది. అర చుట్టు పసుపు, అర చుట్టు నలుపు. పై వరసలోనూ అంతే, ఆ పై వరసలోనూ అంతే. పసుపు మీద పసుపు, నలుపు మీద నలుపు. గుహ చీకట్లో, వాడి ఒంటి మీదే, గడ్డి కూరుతూ గిజిగాడు అల్లుకుంటూ పోయాడు. పసుపంతా ఒక పక్కకే పోతున్నట్టు వాడికి అనుమానం రాకపోలేదు. కానీ నోరెత్తడనేగా వాణ్ని పిలిచింది.

పొద్దెక్కాక కొత్త దొరను చూడటానికి రేచుకుక్కలు బాటకు అటూ ఇటూ బారులు తీరాయి. సింగయ్య ఊగుతూ బయటికొచ్చాడు. ఎడమ వైపు కుక్కలకు ఒక్క చారా లేని పచ్చటి ఒళ్లు కనిపించింది. కుడి వైపు వాటికి ఒక్క చారా లేని నల్లటి ఒళ్లు కనిపించింది.

"బలిసిన దుప్పి," అంది ఎడమ వైపు ముసలి కుక్క.

"కళ్లు పోయాయా? అడవిపంది," అంది కుడి వైపుది.

వాటి వాదన అంతా ఆ ఒక్క సంగతి మీదే. తిందామా వద్దా అని ఏదీ అడగలేదు.

నేను పులినిరా అని గర్జించబోతే ఊళ వచ్చింది. పరిగెత్తబోతే గడ్డి కాళ్లకు అడ్డం పడింది. దొర్లుకుంటూ గుట్ట దిగి, మంద పక్కనుంచి పోతూ అరిచాడు.

"వదినా, చారలేవి?"

ఏడాది తర్వాత మళ్లీ వదినయింది పోశవ్వ. మేత మీంచి తల ఎత్తింది.

"నాకేం తెలుసు బావా. వాటంతటవే పడాలి కదా."

కుక్కలు వాణ్ని గుట్ట వెనక్కి తరుముకుపోయాయి, దుప్పా పందా అని కొట్టుకుంటూ అటే ఉండిపోయాయి. మళ్లీ ఆ ఊళ ఎవరూ వినలేదు. తుమ్మముళ్లకు పట్టుకున్న ఉన్నిని పోశవ్వ పోగు పోగుగా ఏరుకుంది. ఆ సాయంత్రం మంద గుహలో పడుకుంది. లోపలి మూల, గాలి బొత్తిగా తగలని చోటు, ఎల్లవ్వకని అనుకున్నది, ఎవరూ పడుకోక ఖాళీగా ఉండిపోయింది.

ఒక పడుచు గొర్రె పక్కకు చేరి, ఎంత తెలివి పోశవ్వక్కా, ఇదంతా నీ పనే కదా అంది.

"నాదేముం..." అనబోయి పోశవ్వ ఆగింది. ఖాళీ మూల వైపు చూసింది.

"నాదే," అంది. "దారం నాదే, లెక్క నాదే, చారలు నావే. ఆ రోజు ఈ మాట అనలేదు చూడు, ఆ తప్పూ నాదే."

నీతి: చేసిన పనికి నాదేముంది అంటే, ఎదుటివాడు దాన్ని నిజం చేసి చూపిస్తాడు.