వంద గెంతుల దూరం

తూర్పు కొండల వెనక సిరిపొద అనే అడవి ఉంది. అందులో ఏనుగులు, జింకలు, నీటికుక్కలు, ఉడుములు, కుందేళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉండేవి. నక్షత్ర తాబేలు అంటే తెలుసు కదా? దాని డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా మెరుస్తాయి. చీకటి పడుతుంటే ఆకాశం నుంచి ఒక ముక్క తెగి నేల మీద నడుస్తున్నట్టే ఉంటుంది.

అలాంటి ఒక తాబేలు పేరు మందాకిని.

మందాకినికి ఒకటే కోరిక. పుట్టినప్పటి నుంచి ఆమెను అందరూ దాటుకుని పోయేవాళ్లే. చీమలబారు దాటేది. గాలికి దొర్లే ఎండుటాకు దాటేది. ఒకసారి నత్త కూడా దాటి, వెనక్కి తిరిగి, "ఏం వదినా, బాగున్నావా?" అని పలకరించి మరీ వెళ్లింది. అందుకని, బతుకులో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వేగం అంటే ఎలా ఉంటుందో చూడాలని మందాకిని గట్టిగా అనుకుంది.

దానికి ఒక చోటు ఉంది. అడవికి అవతలి కొసన ఏనుగులు నడిపే ఆటలకోన. అక్కడ తీగల ఉయ్యాలలు ఉన్నాయి. తొండం పట్టుకుని తిరిగే రంగులరాట్నం ఉంది. అన్నిటికంటే గొప్పది గాలిజారు. అది కొండ మీది నుంచి మడుగు దాకా నున్నగా దిగే పెద్ద బండ. ఏనుగులు రాత్రంతా వాగుకు దుంగలు అడ్డం వేసి నీళ్లు ఆపుతాయి. తెల్లవారగానే వదులుతాయి. ఆ నీళ్లతో పాటు ఎవరైనా జారవచ్చు. బండ మీదికి ఎండ వచ్చేసరికి నీళ్లు అయిపోతాయి. ఆ పూటకు ఆట కట్టు.

ఆ అడవిలో ఎండు రేగుపళ్లే డబ్బు. మందాకిని ఏడాదంతా కూడబెట్టి పద్నాలుగు పళ్లు పోగుచేసింది. వాటిని మోదుగాకు పొట్లం కట్టి మెడకు తగిలించుకుని బయలుదేరింది. పక్క గుట్ట మీది ఉడుము గవరయ్య కూడా తోడు వచ్చాడు. బేరం ఆడడంలో తనను మించినవాడు లేడని గవరయ్యకు మహా గర్వం. అతని దగ్గర ఇరవై పళ్లు ఉన్నాయి.

నాలుగు రోజులు నడిచి, ఒక సాయంత్రం వాగు ఒడ్డుకు చేరారు. వాగుకు అవతల ఆటలకోన. ఇవతల జింక చెంగావి వేసిన గడ్డి పాకలు. దారి మొదట్లో కొమ్మ మీద ఒక గోరింక కూర్చుని అరుస్తోంది.

"కోన లోపల గుహకు రాత్రికి ఎనిమిది! బయట పాకకు రాత్రికి రెండు! ఇంకా రెండు పొద్దులే! వాగు ఎండిపోతోంది, ఎల్లుండితో గాలిజారు బంద్!"

గవరయ్య పకపకా నవ్వాడు. "విన్నావా అమ్మాయ్? లోపల ఎనిమిదట, బయట రెండట. పడుకుంటే కళ్లు మూసుకోవడమే కదా! మూసుకున్న కళ్లకు లోపలేమిటి, బయటేమిటి? లెక్క రానివాళ్లే లోపల పడుకుంటారు."

మందాకినికి ఆ మాట నిజమే అనిపించింది. అయినా చెంగావిని అడిగింది. "ఇక్కడి నుంచి గేటు ఎంత దూరం అక్కా?"

"పక్కనే చెల్లీ! వాగు దాటితే వంద గెంతులు. నువ్వు ఆవులించి నోరు మూసేలోపు వెళ్లిపోతావు."

చెంగావి అబద్ధం చెప్పలేదు. ఆమె రోజూ అలాగే వెళ్తుంది మరి.

ఇద్దరూ చెరి రెండు పళ్లు ఇచ్చి పాకలో పడుకున్నారు. వాగు గాలి గడ్డి సందుల్లోంచి దూరి తెల్లవార్లూ చల్లగా వీస్తూనే ఉంది.

వేకువన మందాకినికి మెలకువ వచ్చింది. అవతల గట్టు నుంచి కేరింతలు వినిపిస్తున్నాయి. కుందేళ్లు, ముంగిసలు, ఎలుగుబంటి పిల్లలు అందరూ జారుతున్నారు. మందాకిని లేవబోయింది. కాళ్లు కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. చెక్కముక్కల్లా బిగుసుకుపోయాయి. పక్కన గవరయ్య కూడా తోక కదపలేక గుడ్లు మిటకరిస్తున్నాడు.

జింకకు ఒళ్లంతా బొచ్చు. దాని ఒళ్లు దానికే కాగుతూ ఉంటుంది. తాబేలుకూ ఉడుముకూ అలా కాదు. ఎండ తగిలితేనే వాటి కాళ్లు వాటి మాట వింటాయి.

ఎండ వచ్చింది. కాళ్లు మెల్లగా సాగాయి. నక్షత్ర తాబేలుకు ఈత రాదు కాబట్టి మందాకిని నీటికుక్కకు ఒక పండు ఇచ్చి వాగు దాటింది. గవరయ్య ఈదుకుంటూ వచ్చి, "నాకు ఆ ఖర్చు లేదు చూశావా!" అని మీసం లేకపోయినా మెలేశాడు. ఆ తర్వాత వంద గెంతులు. జింక గెంతులు వందైతే తాబేలు అడుగులు ఎన్నో! మందాకిని గేటు దగ్గరికి చేరేసరికి సూర్యుడు నడినెత్తి మీద ఉన్నాడు. గవరయ్య అప్పటికే వచ్చి గేటు పక్కన ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అతనూ ఆలస్యమే.

ఇద్దరూ మూడేసి పళ్లు ఇచ్చి టేకాకు టికెట్టు తీసుకున్నారు. అది మర్నాటికి కూడా పనికొస్తుంది. గాలిజారు మాత్రం పొడిగా, తెల్లగా ఎండలో మెరుస్తోంది. చుక్క నీరు లేదు.

మందాకినికి ఏడుపు వచ్చింది. కానీ ఏడవలేదు. ఏడుస్తూ కూర్చుంటే ఇంకో పది అడుగులు ఆలస్యం.

"రేపొక్క పొద్దే ఉంది," అని తనలో తాను అనుకుంది. "రేపు తెల్లవారేసరికి నాకు నా కాళ్లు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయి?"

గవరయ్య మాత్రం తోక దులుపుకుని లేచాడు. "ఇంకాస్త ముందు లేస్తే సరి! ఒక కుందేలుకు పండు పడేస్తే నిద్ర లేపుతుంది. పాకకు కూడా రెండు కాదు, ఒకటికే బేరమాడతాను, చూస్తుండు!" అంటూ వెళ్లాడు.

మందాకిని ఉయ్యాలల వైపు వెళ్లలేదు. రంగులరాట్నం వైపు చూడలేదు. ఏనుగుల గుహల దగ్గరికి నడిచింది. ముందు తూర్పు గుహల్లోకి వెళ్లింది. అక్కడి నుంచి జలపాతం వెండి జలతారులా కనిపిస్తుంది. అందరూ అవే కావాలంటారు. మందాకిని జలపాతాన్ని చూడలేదు. డిప్ప కిందికి దించి నేలకు పొట్ట ఆనించింది. మధ్యాహ్నానికే నేల చల్లబడి ఉంది. బయటికి వచ్చేసింది.

పొద్దు వాలుతుండగా పడమటి వైపు మూలనున్న చిన్న గుహలోకి వెళ్లింది. అందులోంచి తుమ్మచెట్లు తప్ప ఏమీ కనిపించవు. సాయంకాలపు ఎండంతా నేరుగా లోపలికే పడుతోంది. నేలకు పొట్ట ఆనించింది. రొట్టె దించిన పెనంలా వెచ్చగా ఉంది. గోడకు చెంప ఆనించింది. గోడా వెచ్చనే.

గుహల పెత్తనం గజాలమ్మ అనే ముసలి ఏనుగుది. మందాకిని ఆమె దగ్గరికి వెళ్లి తల పైకెత్తింది.

"పెద్దమ్మా, నాకు ఆ పడమటి గుహ కావాలి."

గజాలమ్మ చెవులు విదిలించింది. "అదెందుకే తల్లీ? అందులోంచి చూడడానికి ఏమీ లేదు. ఎవరూ అడగరు దాన్ని."

"నేను చూడడానికి రాలేదు పెద్దమ్మా. జారడానికి వచ్చాను."

"సరే మరి, ఎనిమిది పళ్లు. పొద్దున్న పనసతొనల ఫలహారం, రాత్రికి నెమలి నాట్యం, అన్నీ కలిపే."

మందాకిని పొట్లంలో సరిగ్గా ఎనిమిదే ఉన్నాయి. అవన్నీ ఇచ్చేస్తే తిరిగి వెళ్లేటప్పుడు వాగు దాటడానికి ఏమీ మిగలదు. ఇవ్వకపోతే ఏడాదంతా దాచింది వృథా.

"పెద్దమ్మా, నాకు పనసతొనలు అరగవు. నెమలి ఆడుతుంటే నేను నిద్రపోతాను, పాపం దాని మనసు నొచ్చుకుంటుంది. ఆ రెండూ తీసేసి నాకు వెచ్చటి గోడ ఒక్కటి ఇవ్వు. ఎంతో చెప్పు."

గజాలమ్మ నవ్వితే గుహ అదిరింది. "ఇన్నేళ్లలో ఎవ్వరూ నన్ను గోడ అడగలేదే! ఐదు ఇవ్వు, పో."

మందాకిని ఐదు పళ్లు లెక్కపెట్టి ఇచ్చింది. "ఇక్కడి నుంచి గాలిజారు ఎంత దూరం పెద్దమ్మా?"

"నా అడుగులైతే ముప్పై."

మందాకిని ఊరుకోలేదు. ఆ సాయంత్రమే గుహ నుంచి గాలిజారు పైకొస దాకా నడిచి చూసింది. తుమ్మచెట్టు నీడ మూరెడు జరిగేసరికి చేరింది. "సరిపోతుంది," అని వెనక్కి వచ్చింది.

దారిలో గవరయ్య ఎదురుపడ్డాడు. వాగు వైపు వెళ్తున్నాడు. సంగతి విని నోరు తెరిచాడు.

"ఐదా! ఒక్క రాత్రికి ఐదా! నేను పాకను ఒక్క పండుకే మాట్లాడుకున్నాను, తెలుసా? వెర్రిదానా, నిన్ను ముంచేశారే!"

"మామా, ఆ పాకలో పొద్దున్నే మన కాళ్లు లేవవు. నువ్వూ ఇక్కడే ఉండిపో. నీ దగ్గర పళ్లున్నాయి కదా."

"కాళ్లు లేవకపోతే కుందేలు లేపుతుంది. నాలుగు పళ్లు ఎక్కువ పోసి రాయి మీద పడుకోవడమా? మా గుట్ట మీద తెలిస్తే నవ్విపోతారు!" అని తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మందాకిని గోడకు ఆనుకుని పడుకుంది. పొద్దంతా తాగిన ఎండను ఆ రాయి రాత్రంతా కొంచెం కొంచెంగా ఆమెకు ఇస్తూనే ఉంది. ఎవరో పక్కన కూర్చుని ఒళ్లు నిమురుతున్నట్టు అనిపించింది.

వేకువ కాకముందే కళ్లు తెరిచింది. ముందు కుడికాలు కదిపింది. కదిలింది! ఎడమకాలు కదిపింది. అదీ కదిలింది! మందాకిని ఇంక ఆగలేదు. ఒక్కో అడుగూ గట్టిగా వేసుకుంటూ, ఎవరినీ పలకరించకుండా, కొండ పైకొసకు చేరింది. వరసలో మొదట నిలబడింది ఆమే.

ఏనుగులు దుంగలు తీశాయి. నీళ్లు హోరుమన్నాయి. మందాకిని కాళ్లు డిప్పలోకి ముడుచుకుని తల మాత్రం బయట పెట్టింది.

జారింది!

కొండేమో పైకి పరిగెత్తింది. ఆకాశం వెనక్కి పారింది. నీటి తుంపర్లు ముఖాన కొట్టాయి. చెట్లన్నీ ఒకే పచ్చటి గీతై కరిగిపోయాయి. కింద మడుగులో పడబోతుంటే ఒక ఏనుగు తొండంతో చటుక్కున పట్టుకుని గట్టు మీద పెట్టింది. మందాకిని డిప్ప మీది చుక్కలన్నీ తడిసి తళతళలాడాయి.

అక్కడ పాకలో గవరయ్య సంగతి వేరు. కుందేలు ఒక పండు పుచ్చుకుని, చెప్పిన వేళకే వచ్చి లేపింది. గవరయ్య లేచాడు. అంటే కళ్లు లేచాయి, ఒళ్లు లేవలేదు. కుందేలును బతిమాలాడు. కుందేలు వెళ్లి నీటికుక్కను పిలుచుకొచ్చింది.

నీటికుక్క అతన్ని ఎగాదిగా చూసింది. "తడిసిన దుంగలా ఉన్నావు మామా! నేనొక్కడినే మోయలేను. మా అన్నదమ్ములు ముగ్గురిని పిలవాలి. వాళ్లకు తలా ఒకటి, నాకు రెండు."

"ఐదా! మూడు చేసుకో!"

"బేరమాడు మామా, ఆడుతూనే ఉండు. ఎండ వచ్చేస్తుంది."

గవరయ్య పళ్లు నూరుకుని ఐదు పళ్లూ ఇచ్చాడు. నాలుగు నీటికుక్కలు అతన్ని ఈడ్చి, మోసి, దొర్లించి కొండ పైకొసకు చేర్చాయి. అప్పటికి నీళ్లు సన్నబడ్డాయి. ఏనుగు, "ఇదే ఆఖరు! త్వరగా!" అంది.

గవరయ్య బండ మీదికి దిగాడు. కానీ చలికి బిగుసుకున్న అతని గోళ్లు బండను పట్టేసుకున్నాయి. అసలే ఉడుము పట్టు! వదులుదామనుకున్నా వదల్లేదు. నీళ్లు అతని పక్కల నుంచి జారిపోయాయి. ఆఖరి ధార కూడా అతని తోకను తడిపి, కిందికి వెళ్లిపోయింది. బండ మీదికి ఎండ వచ్చింది. అప్పుడు గోళ్లు మెల్లగా పట్టు వదిలాయి.

పాకకు ఒకటి, కుందేలుకు ఒకటి, నీటికుక్కలకు ఐదు. మొత్తం ఏడు పళ్లు పోయాయి. ఆట మాత్రం దక్కలేదు.

మడుగు గట్టున మందాకిని ఎండ కాగుతోంది. గవరయ్య వచ్చి పక్కన కూలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎలా ఉందే అమ్మాయ్, వేగం అంటే?"

మందాకిని నీళ్ల వైపు చూస్తూ అంది. "పైనుంచి ఒక ఎండుటాకు నాతోపాటే పడింది మామా. సగం దారిలో దాన్ని దాటేశాను."

"ఓసి, ఒక్క ఆకునేనా!"

"పుట్టినప్పటి నుంచి నేను దాటింది అదొక్కటే మామా."

గవరయ్య ఈసారి నవ్వలేదు.

నీతి: ధర చూసి చౌక అనుకోకు, నీ అవసరం తీరితేనే అది చౌక, ఇంకొకరి గెంతులతో నీ దూరం కొలవకు.