తడి ఆరని గీత

డాక్టర్ గుర్రప్పగారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ "చూద్దాంలేమ్మా" అనేవారు. ఆ చూద్దామన్నది ఒక్కోసారి గంటలో తేలేది, ఒక్కోసారి నెల పట్టేది. గుండెజబ్బుల చదువుకని ఆయన దగ్గర చేరినవాళ్ళలో సగంమందికి ఈ అలవాటు ఒళ్ళు మండించేది. మృదుల ఆ సగంలోదే.

బేతంచెర్లలో ఒక బండల ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఆయన వైద్య శిబిరం నడుపుతున్న రోజులవి. మద్దిలేటి అనే నలభై ఆరేళ్ళ పనివాడి రిపోర్టులు ఆ రోజు మృదుల చేతికొచ్చాయి. బీపీ లేదు, షుగరు లేదు, కొలెస్ట్రాల్ ఉండవలసిన చోటే ఉంది. అయినా గుర్రప్పగారు అతనికి సీఆర్‌పీ పరీక్ష రాశారు. ఒంట్లో ఎక్కడైనా వాపు రగులుతుంటే రక్తంలో పెరిగే పదార్థం అది. ఎక్కువగా వచ్చింది. మూడు వారాలాగి, జ్వరం జలుబు ఏవీ లేవని చూసుకుని మళ్ళీ తీయించారు. మళ్ళీ ఎక్కువే. ఇక కర్నూలు తీసుకెళ్ళి గుండె రక్తనాళాలకు స్కాన్ తీయిద్దామన్నారు. మృదుల మనిషిని పిలిచి మాట్లాడలేదు. కాగితాలే తిరగేసి, వాటిని పట్టుకుని గురువుగారి మీదికి వెళ్ళింది.

"కొలెస్ట్రాల్ ఇంత బాగున్న మనిషిని ఎందుకు భయపెట్టడం సార్? పంటి చిగురు వాచినా సీఆర్‌పీ పెరుగుతుంది. ఎక్కడ వాపో చెప్పదు, ఎందుకో చెప్పదు. అలాంటి పరీక్షని పట్టుకుని ఏం తేలుస్తాం?"

ప్రశ్నలో వంకపెట్టడానికేం లేదు. గుర్రప్పగారు కళ్ళజోడు తుడుచుకుని, "చూద్దాంలేమ్మా" అంటూ బండలు పేర్చివున్న ఆవరణలోకి నడిచారు. మృదుల పళ్ళు కొరుక్కుంటూ వెనకాలే వెళ్ళింది.

అక్కడ ఒక సన్నటి మనిషి చిన్న సుత్తితో బండలన్నీ ఒక్కొక్కటే తట్టి లారీకెక్కిస్తున్నాడు. అతనే మద్దిలేటి. గుర్రప్పగారు మృదులతో, "మీ ఇంట్లో అటకకు వేసుకునేట్టు మంచి బండ ఒకటి ఏరమ్మా" అన్నారు. ఇదేం పరీక్షరా బాబూ అనుకుంటూనే ఆమె అన్నిటికన్నా నున్నగా ఉన్న నల్లటి నాపబండను చూపించింది. అందులో ఆమె మొహం కనిపిస్తోంది కూడా.

మద్దిలేటి దాన్ని రెండుసార్లు తట్టాడు. చెవి వంచి ఇంకోసారి తట్టాడు.

"ఇది వద్దు మేడం. ఖంగుమని పలకల్యా."

"ఏమైంది దీనికి?"

"ఏమైందో సుత్తెట్ల చెప్తాది మేడం? లోపల ఏందో ఉండాదంటాది, అంతే. మిగతాది మనం ఎతుక్కోవాల."

అతను చెంబుడు నీళ్ళు తెచ్చి బండ మీద పోశాడు. ఎండ చురచురలాడుతోంది. చూస్తుండగానే బండంతా ఆరిపోయింది, ఒక్కచోట తప్ప. ఆ మూల నుంచి ఈ మూలకు వెంట్రుకంత సన్నటి తడిగీత ఒకటి నల్లగా మిగిలింది. మృదుల వంగి వేలితో రాసింది. చేతికేమీ తగల్లేదు. అద్దంలాంటి ఆ నునుపు కింద అంత పొడుగు పగులు!

"అటక మీద ఏస్తే ఏండ్లు నిలుస్తాది మేడం. యా దినమో ఉన్నట్టుండి మనిషి మీద పడతాది" అని మద్దిలేటి ఆ బండను పక్కకు నెట్టేశాడు.

అప్పుడు గుర్రప్పగారు స్కాన్ సంగతెత్తారు. మద్దిలేటి నవ్వేశాడు. "నాకేం నొప్పి ల్యా సార్. బరువులెత్తుతాండా, రాగిసంగటి తింటాండా. నాకెందుకు సార్ కర్నూలు?"

"ఈ బండ నొప్పుందని చెప్పిందా మద్దిలేటీ?"

అతను చేతిలోని సుత్తి వంక చూసుకుని, దాన్ని కింద పెట్టి జీపెక్కాడు.

కర్నూలులో స్కాన్ గది తెర మీద మద్దిలేటి గుండె కనిపించింది. నలభై ఆరేళ్ళుగా ఒక్క పూట సెలవు తీసుకోని గుండె. ఎడమవైపు పెద్ద నాళంలో రక్తం పారడానికి దారి దండిగానే ఉంది. ఆ నాళం గోడలో మాత్రం మెత్తటి కొవ్వు పూడిక ఒకటి ఉబ్బి ఉంది. అది చిట్లితే రక్తం అక్కడికక్కడే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మామూలు కొలెస్ట్రాల్ లోంచే, ఏ నొప్పీ లేకుండా, ఇంత పని లోపల ఎన్నేళ్ళుగా జరుగుతోందో! మృదులకు భయమూ భక్తీ ఒకేసారి కలిగాయి. ఇలాంటి గుండె ఒకటి తన రొమ్ములోనూ కొట్టుకుంటోందని అప్పుడే తెలిసినట్టు, చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

మందులు మొదలుపెట్టారు. బరువులెత్తే పని కొన్నాళ్ళు మాన్పించారు. మద్దిలేటిని వార్డులో పడుకోబెట్టి బయటికొచ్చాక మృదుల తలెత్తలేక అంది: "నేనైతే రిపోర్టులు బాగున్నాయని చెప్పి ఇంటికి పంపేసేదాన్ని సార్."

గుర్రప్పగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "నేను పంపానమ్మా. ఇరవై ఏళ్ళ కింద, మద్దిలేటి వాళ్ళ నాయన్ని."