గంధం తడిని తూచిన త్రాసు

మా తాతగారు భుజంగరావు గారు బందరులో కాలేజీ ప్రయోగశాలలకి త్రాసులు చేస్తూ ఉండేవారు. చేతిలో గొప్ప పనితనం ఉన్నా, తప్పు ఎక్కడ జరిగినా ఎదుటివాళ్ళ దగ్గరే వెతికే గుణం ఆయనది.

ఒకసారి పనిముట్ల పెట్టె తెరుచుకోకపోతే తాళం చేసినవాణ్ణి పావుగంట తిట్టారట. మా మామ్మ సుభద్రమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, “మీరు తిప్పుతున్నది బీరువా తాళంచెవి” అంది. “మరి అది ఇక్కడ పెట్టిందెవరు?” అన్నారు తాతగారు.

ఆయన దగ్గర మస్తాన్ అని ఒకతను పధ్నాలుగేళ్ళుగా పనిచేస్తూ ఉండేవాడు. చిలకలపూడిలో గిల్టు నగలు చేసిన చెయ్యి అతనిది. ఆవగింజంత చోటులో పువ్వు చెక్కగలిగేవాడు.

వాళ్ళిద్దరూ కలిసి ఆరేళ్ళు ఒకే త్రాసు మీద కూర్చున్నారు. నువ్వుగింజని ముప్పై ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్క బరువుకి ముల్లు కదలాలి. అదీ వాళ్ళ పంతం. త్రాసు అడ్డకమ్మీ ఆనుకునే రాతి అంచుని మస్తాన్ బ్లేడుకంటే సన్నగా నూరాడు. గాలి తగలకుండా చుట్టూ అద్దాల పెట్టె కట్టారు.

పని పూర్తయిన సాయంత్రం తాతగారు మామ్మని పిలిచారు. చిన్న కాగితం ముక్క తూచి, దాన్ని ఆవిడ చేతికిచ్చి, “పెన్సిలుతో ఏదైనా రాయి” అన్నారు. మామ్మ ‘శ్రీరామ’ అని రాసింది. కాగితాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టారు. ముల్లు ఒక గీత పక్కకి జరిగింది!

“అంటే... ఇప్పుడు ఈ త్రాసు తూచింది రామనామాన్నా?” అంది మామ్మ.

“పెన్సిలు ముక్కు అరిగి కాగితానికి అంటుకున్న మసిని” అన్నారు తాతగారు. మామ్మ మాత్రం రెండు చేతులూ జోడించింది. కంటికి బరువే లేదనిపించే రాతకి బరువుందని తెలిసిన ఆ క్షణంలో ముగ్గురూ ముల్లు మీదికే వంగారు. చివరికి మస్తానే, “ఇక దీనిముందు గట్టిగా ఊపిరి కూడా తియ్యకూడదండీ” అన్నాడు.

మర్నాడు పది గంటలకి పద్మాక్షి గారు వస్తారు. ఆవిడ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతారు. ఆవిడ మెచ్చితే త్రాసు ప్రయోగశాలకి వెళుతుంది. కొత్త పనిముట్టుకి బొట్టు పెట్టకుండా వాడే అలవాటు మా ఇంట్లో లేదు. పొద్దున్నే తాతగారు పూజ చేసుకుని, త్రాసు పళ్ళేలు రెండింటికీ అడుగున గంధం రాసి కుంకుమ అద్దారు. రెండు పక్కలా సమానంగా పెట్టానని తృప్తిగా చూసుకున్నారు. గుమ్మంలో ఉన్న మస్తాన్ ఏదో అనబోయి ఆగిపోయాడు.

పద్మాక్షి గారు వచ్చి, పళ్ళేలు ఖాళీగా ఉంచి, త్రాసుని ఊగకుండా ఆపే మీట వదిలారు. ముల్లు సున్నా దగ్గర నిలబడలేదు. ఐదు గీతలు ఎడమకి వెళ్ళింది. చూస్తుండగానే నాలుగున్నరకి వచ్చింది. కాసేపటికి నాలుగుకి.

“ఖాళీ త్రాసు తనంత తనే నడుస్తోందేమిటండీ?” అన్నారు ఆవిడ.

తాతగారు కిటికీలు వేయించారు. వీధిలో బండి పోతోందన్నారు. బల్ల చేసిన వడ్రంగికి పని రాదన్నారు. ముల్లు నెమ్మదిగా నడుస్తూనే ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది.

“రాతి అంచు నూరింది నువ్వే కదూ, మస్తాన్! ఆరేళ్ళ కష్టం బూడిదలో పోశావు. రేపటినుంచి నువ్వు పనికి రానక్కర్లేదు!”

మస్తాన్ తలవంచుకున్నాడు. జేబులోంచి పనికి వాడే భూతద్దం తీసి బల్లమీద పెట్టి, “చిత్తం అయ్యగారూ” అన్నాడు.

“ఒక్క నిమిషం” అన్నారు పద్మాక్షి గారు. “మస్తాన్ గారూ, మీకేమైనా తోస్తోందా?”

“నేను చెప్పకూడదమ్మా. దేవుడి విషయం.”

మామ్మ గుమ్మంలోకి వచ్చింది. “చెప్పు మస్తానూ. నిజం చెబితే ఏ దేవుడూ కోప్పడడు.”

“గంధం ఆరుతోందమ్మగారూ” అన్నాడు మస్తాన్ మెల్లగా. “రెండు బొట్లూ ఒక్కలా లేవు. ఎక్కువ గంధం ఉన్నవైపు ఎక్కువ తడి పోతోంది. అందుకే ముల్లు వెనక్కొస్తోంది.”

“రెండూ సమానంగానే పెట్టాను!” అన్నారు తాతగారు.

“మన కంటికి సమానం” అన్నారు పద్మాక్షి గారు.

గంధపు తడి గాలిలో కలిసిపోతోంది. అది పోవడం ఎవరికీ కనబడదు, వినబడదు. ఆ త్రాసు మాత్రం పోయిన తడిని పోయినట్టు తూచి చూపిస్తోంది. “భగవంతుడు ఎంత సన్నగా లెక్క చూస్తాడో ఆ వేళ అర్థమైందే” అనేది మామ్మ, ఈ కథ చెప్పినప్పుడల్లా.

తాతగారు బొట్లు తుడిచారు. అరగంట ఆగి మళ్ళీ మీట వదిలితే ముల్లు సున్నా మీదికి వచ్చి నిలబడింది. పద్మాక్షి గారు ముల్లువంక చాలాసేపు చూసి, “ఇది మా ప్రయోగశాలకి కావాలి” అన్నారు.

తాతగారు సంతోషంతో వెనక్కి తిరిగారు. భూతద్దం బల్లమీదే ఉంది. మస్తాన్ వెళ్ళిపోయాడు.

రెండు రోజులు అతను రాలేదు. తాతగారికి అన్నం సయించలేదు. “కబురు పంపనా?” అని మామ్మని అడిగితే, “అందరి ముందూ అన్నది మీ నోరు. కబురెందుకు?” అంది ఆవిడ.

మూడో రోజు తాతగారు చిలకలపూడి దాకా నడిచి వెళ్ళి మస్తాన్ ఇంటి ముందు నిలబడ్డారు. చుట్టుపక్కల వాళ్ళు చూస్తుండగానే, “తప్పు నా చేతిది మస్తాన్, నీ చేతిది కాదు” అన్నారు. జన్మలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

“నాకు తెలుసండీ” అన్నాడు మస్తాన్. “మీకు తెలియడానికే మూడు రోజులు పట్టింది. లోపలికి రండి, టీ తాగుదురుగాని.”

ఆ తర్వాత మా ఇంట్లో త్రాసులకి బొట్టు చెక్కపెట్టె మీద పెట్టేవారు. తాతగారు ముల్లు తప్పిన ప్రతిసారీ ముందు తన వేళ్ళు చూసుకుని, తర్వాతే మస్తాన్‌ని పిలిచేవారు.

నీతి: తప్పు కనబడినప్పుడు ఎదుటివారిని నిందించే ముందు, అందులో మన చెయ్యి ఎంతుందో చూసుకోవాలి.