మిగిలిన బియ్యం

ఆదెయ్యగారికి ఒక అలవాటు ఉండేది. పశువుకు జబ్బు చేసిందని ఎవరు పిలిచినా వెళ్ళేవారు. వెళ్ళి కొట్టం గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, ఆకూ వక్కా నమలడం పూర్తయ్యేదాకా పశువు మీద చెయ్యి వేసేవారు కాదు. అంతసేపూ ఇంటివాళ్ళను నోరెత్తనిచ్చేవారూ కాదు. తొందర మనుషులకు ఇది ఒళ్ళు మండే వ్యవహారం. మందేస్తాడని పిలిస్తే తాంబూలం వేసుకుంటున్నాడేమిటని వెనక గొణిగినవాళ్ళున్నారు. మళ్ళీ పశువుకు బాగాలేకపోతే ఆయనకే కబురు పంపినవాళ్ళూ వాళ్ళే.

అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దగ్గర ఆ నాటువైద్యం నేర్చుకున్నవాడు ఏడుకొండలు ఒక్కడే. నలభైకి దగ్గరపడిన సంసారి. తల్లి అంకమ్మ, భార్య రవణమ్మ, తొమ్మిది చదువుతున్న కూతురు లావణ్య, రెండెకరాల మిరప, బయటి పనులకు తిరగడానికి ఒక పాత మోటారు సైకిలు. ఆ ఏడు బోరు ఎండింది, మిరప సగంలో మాడిపోయింది. చేతికొచ్చే డబ్బు సగమైంది. అయినా ఒక్క రూపాయి అప్పు చేయకుండా ఏడాది గట్టెక్కాలని ఏడుకొండలు పంతం పట్టాడు. పట్టు పడితే విడిచే రకం కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి నిలువుగా గీత గీశాడు. ఎడమ పక్క ‘అవసరం’ అని రాశాడు, కుడి పక్క ‘ఆశ’ అని రాశాడు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, “అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎవరికేం కావాలో ఇప్పుడే నోరు తెరిచి చెప్పండి. తర్వాత అది లేదు ఇది లేదంటే నేను వినను” అన్నాడు.

అందరికంటే ముందు అంకమ్మే నోరు తెరిచింది. ముక్కుపొడుం కావాలి, అది లేకపోతే ప్రాణం పోతుంది అంది. ఏడుకొండలు దాన్ని కుడి పక్క రాయబోతే, కన్నతల్లి ప్రాణం ఆశ కింద రాస్తావా అని వీధిలోకి వినపడేలా శోకాలు పెట్టింది. ముక్కుపొడుం ఎడమ పక్కకు వచ్చింది. లావణ్య గేర్ల సైకిలు కావాలంది. ఉన్న సైకిలుతో బడికి వేళకు చేరలేకపోతున్నానంది. చదువు సంగతి కదా, అదీ ఎడమ పక్కే. ఇక ఏడుకొండలు తన సంగతికి వచ్చాడు. సెంటర్లో రోజుకు నాలుగు టీలు కావాలి. నలుగురితో కూర్చోకపోతే ఎవరి పశువుకు బాగాలేదో తెలిసేదెలా? పెద్ద తెర ఉన్న సెల్లు కూడా కావాలి. కబురు పంపేవాళ్ళు ఈ మధ్య పశువు ఫోటో పంపుతున్నారు.

రవణమ్మ మాత్రం కంచాలు తీస్తూ, “నాకేం వద్దు. ఆ పన్ను సంగతి ఒకసారి చూపించుకుంటే బాగుండు. తొందరేం లేదులే” అంది.

మన భాషలో ఒక తిరకాసు ఉంది. ముక్కుపొడుమూ కావాలంటాం, మందూ కావాలంటాం. రెండింటికీ మాట ఒకటే. ఏడుకొండలు ఆ మాట పట్టుకుని జాబితా రాశాడు. ‘కావాలి’ అన్నవన్నీ ఎడమ పక్కకు చేరాయి. ‘బాగుండు’ అన్నది ఒక్కటే ఉంది, అది కుడి పక్కకు వెళ్ళింది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

“ఎంత కూడినా ఎడమ పక్క తగ్గటం లేదండీ గురువుగారూ. అందరూ అవసరమే అంటన్నారు. ఏది అవసరమో ఏది ఆశో తేల్చేదెట్టా?”

ఆదెయ్యగారు కండువా భుజాన వేసుకున్నారు. “కాయితం జేబులో పెట్టుకో. మస్తానమ్మ కబురు పంపింది, గేదె అరుస్తందంట. పోదాం పద.”

మస్తానమ్మది పక్క ఊరు. భర్త పోయాక రెండు గేదెల మీదే బతుకుతున్న మనిషి. వాళ్ళు వెళ్ళేసరికి కొట్టంలో పాడిగేదె మెడ సాచి చెవులు గింగురుమనేలా అరుస్తోంది. మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇరుగుపొరుగు నలుగురు చేరి తలా ఒక మందు చెబుతున్నారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు పురుగు ముట్టిందన్నారు. ఆదెయ్యగారు చెయ్యి ఎత్తి అందరినీ ఆపి, అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర కూర్చుని ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నారు.

ఆ ఆకు సగం కూడా నమలలేదు. ఉమ్మేసి ఒక్క అంగలో లేచారు. అరుస్తున్న గేదెను దాటుకుని లోపలి గోడవారకు వెళ్ళారు. అక్కడ చూడిగేదె నిలబడి ఉంది. ఏడో నెల. పాలు మానేసింది కాబట్టి దాని వైపు చూసేవాళ్ళు తక్కువ. ముందర గడ్డి మోపు వేసింది వేసినట్టే ఉంది. దవడ కదలడం లేదు. ఎడమ డొక్క ఉబ్బి తప్పెటలా బిగిసి ఉంది.

“నెమరు ఎప్పుడు మానేసిందమ్మా ఇది?”

మస్తానమ్మ తెల్లబోయింది. “దానికేమయిందయ్యా? అది నోట్లో నాలుక లేని గొడ్డు. పొద్దున వేసిన గడ్డి మిగిలితే, పోన్లే సాయంత్రానికి వస్తది గదా అనుకున్నా.”

“ఏడుకొండలూ, వేపకొమ్మ విరుచుకురా. అమ్మా, నూనె, వాము, ఇంగువ. నడువు!”

వేపకొమ్మను గేదె నోటికి అడ్డంగా పెట్టి కొమ్ములకు తాడుతో బిగించారు. దాన్ని కొరుకుతూ ఉంటే దవడ ఆడుతుంది, లోపలి గాలికి దారి దొరుకుతుంది. నూనెలో కలిపిన మందును వెదురు గొట్టంతో కొంచెం కొంచెంగా పట్టించారు. ముందరికాళ్ళు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, గురువూ శిష్యుడూ వంతులవారీగా డొక్క మర్దించారు. ఒక గంటలో తగ్గకపోతే ఆటో పిలిచి పశువుల ఆసుపత్రికి ఎక్కించాల్సిందేనని ఆదెయ్యగారు ముందే చెప్పారు. పావుగంట గడిచింది. అరగంట అయింది. ఏడుకొండలు చేతులు లాగేస్తున్నా ఆపలేదు. ఆ గేదె పోతే మస్తానమ్మ సంసారంలో సగం పోయినట్టేనని వాడికి తెలుసు. ఇంత జరుగుతున్నా పాడిగేదె అరుపు ఆపలేదు.

“ఆ అరిచేదాన్ని కూడా చూడండయ్యా, కడుపు తరుక్కుపోతంది” అని మస్తానమ్మ బతిమాలింది.

“అరిచేదానికి అరిచే ఓపిక ఉందమ్మా” అన్నారు ఆదెయ్యగారు, డొక్క మీద నుంచి చెయ్యి తీయకుండానే. “ఈ పూట దాణాలో తెలగచెక్క పెట్టలా?”

“ధర పెరిగిందని నిన్నటి నుంచి తగ్గించానయ్యా.”

“రెండు రోజులు అరుస్తది. పచ్చిగడ్డి వెయ్యి, మానుకుంటది.”

ముప్పావుగంటకు చూడిగేదె పొట్టలోంచి పెద్ద తేన్పు వచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి వచ్చింది. బిగుసుకున్న డొక్క చేతి కింద మెత్తబడింది. మస్తానమ్మ దాని మెడ చుట్టూ చేతులు వేసి, “నీ నోరు పడ, ఒక్కసారి అరవకూడదంటే” అని తిడుతూ ఏడ్చింది. అది నెమరు మొదలుపెట్టేదాకా ఉండి ఇద్దరూ బయలుదేరారు.

దారిలో కాలవ కల్వర్టు మీద కూర్చుని చేతులు కడుక్కున్నాక ఆదెయ్యగారు, “ఏదీ, నీ కాయితం తియ్” అన్నారు. ఎడమ పక్క అంతా చదివారు. ముక్కుపొడుం దగ్గర నవ్వారు. నాలుగు టీల దగ్గర నవ్వలేదు. కుడి పక్కకు వచ్చి, “ఈ పన్ను ఎవరిది?” అన్నారు.

“మా ఇంటిదానిదండి. తొందర లేదంది.”

అడుగున ఏడుకొండలు కింద రెండు గీతలు గీసి రాసుకున్న పంక్తి ఒకటి ఉంది. అదొక్కటే వాడికి ఆ కాగితంలో గర్వంగా తోచిన సంగతి. ‘మిగులు: ఈ నెల బియ్యం, నాలుగు రోజులకు సరిపడా.’ ఆదెయ్యగారు దాని మీద వేలు పెట్టారు.

“ఈ బియ్యం ఎవరు తినక మిగిలినయ్ రా?”

ఏడుకొండలు కాగితం వైపు వంగి ఆ పంక్తి మళ్ళీ చదివాడు. రవణమ్మ ఎప్పుడూ అందరి తర్వాత తింటుంది. ఈ మధ్య గ్లాసులో గంజి పోసుకుని వంటింటి గోడకు ఆనుకుని తాగుతుంటే చూశాడు. ఎండగా ఉందని తాగుతోందనుకున్నాడు. గోంగూర పచ్చడి అంటే పడిచచ్చే మనిషి, వారం కిందట నూరిన పచ్చడి వేలితో కూడా ముట్టలేదు. కుడి చెంప మీదికి కొంగు లాక్కుని తిరుగుతోంది. వాడు ఇవన్నీ చూశాడు, చూసి కూడా బియ్యం మిగిలాయని రాసుకున్నాడు. వాడికి సిగ్గేసింది. వెంటనే భయమూ వేసింది. గురువుగారికి చెప్పకుండానే లేచి, ఆయన ఇంటి ముందు వదిలి వచ్చిన మోటారు సైకిలు కోసం పరిగెత్తాడు.

రవణమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. వాడు ఎదురుగా కూర్చుని కొంగు తొలగించాడు. దవడ నిమ్మకాయంత వాచి ఉంది, చెయ్యి పెడితే కాలుతోంది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు వారాలు అయిందేమో. లవంగం పెడితే తగ్గుతానే ఉందిలే. ఈ ఏడు గడవాలన్నావు గదా.”

“చీర మార్చుకో. అద్దంకి పోదాం.”

“ఇప్పుడా? పొయ్యి మీద పప్పు...”

“అమ్మ చూసుకుంటది. లెయ్” అన్నాడు. ఆ మాట అన్న తీరు చూసి అంకమ్మ కూడా మారుమాట్లాడకుండా గరిటె అందుకుంది.

పళ్ళ డాక్టరు చీము తీసి, మందులిచ్చి, నాలుగు రోజుల తర్వాత పన్ను పీకాలన్నాడు. ఇంకో వారం ఆగి ఉంటే చీము మెడలోకి దిగేదనీ, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండేది కాదనీ అన్నాడు. ఏడుకొండలు సెల్లు కోసం దాచిన డబ్బు అక్కడే కట్టేశాడు. బయటికి వచ్చాక రవణమ్మ, ఎంత అయిందని ఒకటికి రెండుసార్లు అడిగింది. వాడు చెప్పలేదు.

వారం గడిచాక కొత్త కాగితం పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. పన్ను పీకించారు, వాపు తీసింది, నిన్న అన్నం తిన్నది, పచ్చడితో తిన్నది. టీలు నాలుగు నుంచి ఒకటికి దిగాయి. పాత సైకిలుకు కొత్త చైను వేయించి, లావణ్యను పావుగంట ముందు బయలుదేరమన్నారు. ముక్కుపొడుం మాత్రం ఎడమ పక్కే ఉంది, ఆ శోకాలు పడటం తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. అప్పు లేకుండానే ఏడాది దాటిస్తానన్నాడు. ఇవన్నీ చెప్పాక కూడా లేచి వెళ్ళలేదు. అడగాలనుకున్నది చివరికి అడిగేశాడు.

“ఒక్క మాటండీ గురువుగారూ. ఆ రోజు నేను అందరినీ అడిగాను గదా. అడగందే అమ్మయినా పెట్టదు, నోరు తెరిచి చెప్పండి అని చెప్పాను గదా. ఆ మనిషి కాస్త గట్టిగా చెప్పొచ్చు గదండీ?”

ఆదెయ్యగారు ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నారు. ఈసారి పూర్తిగా నమిలారు.

“సామెత మంచిదేరా” అన్నారు చివరికి. “మరి అమ్మ అడగకపోతే ఎవరు పెట్టాలో, అందులో యాడన్నా ఉందేమో చూడు.”